రెండో ద్వారపాలకుడు

పోయిన వారం మా వీధి వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక రంగురంగుల ప్రకటన పెట్టారు. సంజీవనగర్‌లో కొత్తగా తెరిచిన కాఫీ హోటల్లో ఆదివారం సాయంత్రం కుర్రవాళ్ళంతా బల్ల చుట్టూ చేరి, ఒకరు కథ చెబుతుంటే మిగిలినవాళ్ళు ఆ కథలో మనుషులై ఆడే ఆట ఒకటి ఆడతారట, ఆసక్తి ఉన్నవాళ్ళు రావచ్చట. అంతవరకూ బాగానే ఉంది. దానికింద పెద్ద అక్షరాలతో ‘నంద్యాలలో మొట్టమొదటిసారి’ అని వేశారు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నేను తాగుతున్న కాఫీ చేదెక్కింది.

నేను గ్రూపులో మర్యాదగానే రాశాను. ఇది మొదటిసారి కాదు, ముప్పై ఏళ్ళ కిందటే ఈ ఆటను ఈ ప్రాంతంలో నడిపినవాణ్ణి నేను ఇంకా బతికే ఉన్నాను, దయచేసి ఆ మాట సవరించండి అని. దానికి జవాబుగా ఒకాయన బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఇంకొకాయన వెంటనే ఈరోజు కుళాయి నీళ్ళు ఎన్నింటికి వస్తాయని అడిగాడు. నీళ్ళ సంగతికి మాత్రం బోలెడుమంది జవాబులు రాశారు. ఆ ఇద్దరూ ఎవరో నాకు గుర్తుంది.

గ్రూపులో న్యాయం జరగదని తెలిశాక నేరుగా ఆ హోటలుకే పోయి చెప్పి వద్దామని బయలుదేరాను. అక్కడ ఏం జరిగిందో తర్వాత చెబుతాను. ముందు అసలు సంగతి చెప్పాలి, అంటే ఆ మొదటిసారి ఎక్కడ జరిగింది, ఎట్లా జరిగింది, ఎవరివల్ల చెడింది అన్నది. నా ఈడువాళ్ళు చదివితే అర్థం చేసుకుంటారు. కావలసిన వస్తువు ఊళ్ళో దొరక్కపోతే దాని బదులు ఇంట్లో ఉన్నదేదో పెట్టుకుని ఆడుకున్నవాళ్ళం కదా మనం.

అప్పట్లో నేను నంద్యాలలో ఒక విత్తనాల దుకాణంలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఇంకా పెళ్ళి కాలేదు. పత్తి విత్తనాల కాలంలో అన్నం తినడానికి కూడా తీరిక ఉండేది కాదు గాని, ఆ రద్దీ అయిపోయాక దుకాణంలో ఈగలు తోలుకుంటూ కూర్చోవడమే. అట్లా కూర్చుని ఉన్న రోజుల్లో, దసరా సెలవులకు మా పెద్దనాయన కొడుకు బెంగుళూరు నుంచి వచ్చాడు. అక్కడ ఇంజనీరింగు చదివేవాడు. హాస్టల్లో తాము ఆడే ఆట అని ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చూపించాడు. నేను అడిగితే జిరాక్సు తీసుకోనిచ్చాడు. పాచికల సంచి మాత్రం బ్యాగులోంచి తీసి, ఒకసారి గలగలలాడించి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. ఒక్క పాచిక ఇచ్చి ఉంటే వాడి సొమ్మేం పోయేదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆట ఏమిటంటే, పలకా ఉండదు, పావులూ ఉండవు. ఒకడు కథ నడిపిస్తాడు. మీరు ఒక అడవిలో ఉన్నారు, ఎదురుగా ఒక వాగు ఉంది, ఏం చేస్తారు అని అడుగుతాడు. మిగిలినవాళ్ళలో ఒకరు వీరుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు దొంగ. వాళ్ళు ఆ వేషంలో ఉండి, దూకుతాం అనో, తెప్ప కడతాం అనో చెబుతారు. దూకగలిగారా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. కథ నడిపేవాణ్ణి ఆ పుస్తకం మాస్టరు అంటుంది. మాస్టరు చెప్పిందే చివరిమాట, ఆడేవాళ్ళు దానికి కట్టుబడాలి అని ఒకచోట రాసి ఉంది. ఆ వాక్యం కింద నేను ఎర్ర ఇంకుతో గీత గీసుకున్నాను.

ఎందుకు గీసుకున్నానో చెప్పకపోతే మిగిలినదంతా మీకు చిన్న విషయంగా కనిపిస్తుంది. మా ఇళ్ళల్లో మాట్లాడేవాడు ఒక్కడే, మా బావ, అంటే మా అక్క మొగుడు. పెళ్ళిలో అయినా దినంలో అయినా ఆయన ఒక స్తంభానికి ఆనుకుని మొదలుపెడితే చుట్టూ జనం. నేనెప్పుడైనా నోరు తెరిస్తే, సరిగ్గా అప్పుడే ఎవరికో మంచినీళ్ళు గుర్తొచ్చేవి. ‘అట్లనే ఆ చెంబు ఈపక్క జరుపప్పా’ అనేవాళ్ళు. చెంబు జరిపేలోగా నా మాట పోయేది. జీవితంలో ఒక్క మధ్యాహ్నం, నేను మొదలుపెట్టిన మాటను చివరిదాకా చెప్పి, నలుగురూ విని, తర్వాత ఏమైంది అని అడగాలని నాకు ఉండేది. ఆ పుస్తకం అట్లా అడగడాన్ని నియమం చేసి పెట్టింది.

అక్కావాళ్ళది ఆళ్ళగడ్డ. బావది శిల్పాల పని. రోడ్డు వారగా రేకుల షెడ్డు, షెడ్డు ముందు సగం చెక్కిన నందులు, ఇంకా ముఖం రాని ఆంజనేయస్వాములు, వెనకవైపు ఇల్లు. బస్సు దిగగానే ఉలి చప్పుడు వినిపించేది. ఆ చప్పుడును బట్టి మా బావ ఏ మూడ్‌లో ఉన్నాడో చెప్పవచ్చు అనేది అక్క. నేను ప్రతి ఆదివారం నంద్యాలలో పొద్దున బస్సెక్కి అక్కడికి పోయి, తిని, సాయంత్రం తిరిగి వచ్చేవాణ్ణి. ఆట నడపాలంటే అంతకన్నా తగిన చోటు నాకు లేదు.

ఎన్నో వారాలు తయారయ్యాను. పుస్తకంలోని నోరు తిరగని ఊళ్ళను తీసేసి నల్లమలను పెట్టాను. వాళ్ళ రాతికట్టడం మన పాడుబడిన కోట అయింది. కోటకు ఒక పెద్ద తలుపు, తలుపు ముందు ఒక రాతి కాపలావాడు, కత్తి తీస్తే ప్రాణం వచ్చి అడ్డుపడతాడు. ఇంతవరకు పుస్తకం. తలుపు వెనక ఏముందన్నది మాత్రం నా సొంతం. పుస్తకంలో ఉన్న నిధిపెట్టె నాకు నచ్చలేదు. దుకాణంలో కూర్చుని రోజుల తరబడి ఆలోచించి, పాత బిల్లు కాగితాల వెనకవైపున రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, చివరికి ఒకరోజు తట్టింది. తట్టినప్పుడు నాలో నేనే నవ్వుకుంటుంటే దుకాణం యజమాని ‘ఏందీ, సంబంధం కుదిరిందా?’ అని అడిగాడు. అంత బాగా కుదిరిందది.

పాచికలు మాత్రం దొరకలేదు. ఇరవై ముఖాల పాచిక ఉందా అని అడిగితే ఒక ఫ్యాన్సీ షాపాయన నేను ఎగతాళి చేస్తున్నానని కోప్పడ్డాడు. చివరికి అక్క బారాకట్ట గవ్వలే గతి అయ్యాయి. ఎక్కువ గవ్వలు వెల్లకిలా పడితే అనుకున్న పని అయినట్టు, బోర్లా పడితే కానట్టు అని నేనే ఒక నియమం పెట్టాను. గవ్వల విషయంలో మా అక్క సంగతి తెలిసి కూడా అట్లా పెట్టడం వేరే దారి లేకనే. చిన్నప్పటి నుంచి తనకు ఏ పందెం కావాలంటే ఆ పందెం పడేది. అరచేతిలో ఏదో చేసేది. ఇప్పుడడిగినా లేదంటుంది.

ఆ ఆదివారం భోజనాలయ్యాక షెడ్డు వెనక వసారాలో చాప వేశాం. ఆడేవాళ్ళు ముగ్గురు, అక్క, బావ, పక్కింటి టైలరు భాయి. అక్క చాటలో అలసందలు పోసుకుని ఏరుతూ కూర్చుంది. భాయి కాజాలు కుట్టాల్సిన చొక్కా ఒళ్ళో పెట్టుకునే వచ్చాడు. ఏ వేషం కావాలో కోరుకోమంటే అక్క ఆలోచించకుండా దొంగ అంది.

“సంసారం చేసుకునే ఆడది దొంగ ఏందే?” అన్నాడు బావ.

“ఇన్నేండ్లు నీ జోబీలోంచి తీస్తాండా గదా, ఆ అనుభవం యాడికి పోతాది?”

భాయి వీరుడినన్నాడు. కత్తెర పట్టినోడు కత్తి పట్టలేడా అన్నాడు. బావ మాత్రం పుస్తకంలో ఉన్న ఏ వేషమూ వద్దన్నాడు, తాను శిల్పేనన్నాడు. పుస్తకంలో శిల్పి లేడు బావా అంటే, మీ పుస్తకం రాసినోడు గుడి చూడలేదేమో అన్నాడు. నియమం ప్రకారం నేను ఒప్పుకోకూడదు. అయినా ఆట మొదలుకాకముందే గొడవెందుకని, పేరుకు మాంత్రికుడు, చేతిలో ఉలి అని సర్దుకున్నాను. అక్కడే పట్టు వదలకుండా ఉండాల్సింది.

తర్వాత ఒక అరగంట సేపు జరిగినదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా ఛాతీ నిండుతుంది. అడవి గురించి చెప్పాను. ఎండిన వాగులో పులి అడుగుల గురించి చెప్పాను. వాగు దాటేటప్పుడు అక్క గవ్వలు వేస్తే అన్నీ వెల్లకిలా పడ్డాయి, పడకేం చేస్తాయి. దూరంగా చెట్ల మధ్య కోటగోడ కనిపించింది అనేసరికి అలసందలు ఏరే చెయ్యి ఆగిపోయింది. భాయి సూది గాలిలో నిలిచింది. బావ, మా బావ, ‘ఊ, ఆమీట?’ అన్నాడు. అమ్మవారి గుళ్ళో గంట మోగినట్టు వినబడింది నాకా మాట. ఒక్కరూ చెంబు అడగలేదు.

అప్పుడు చెప్పాను, ఎదురుగా ఆకాశమంత తలుపు, తలుపు ముందర నిలువెత్తు రాతి ద్వారపాలకుడు అని.

“ఒక్కడేనా?” అన్నాడు బావ.

“ఒక్కడే.”

“రెండోవాడు యాడ?”

“రెండోవాడు లేడు బావా. పుస్తకంలో ఒక్కడే.”

“యాడన్నా ఉంటాదా అట్ల? మా తాత కాలం నుంచి చెక్కుతాండాం, ఒక్కణ్ణి చేసియ్యమని ఎవురూ రాలేదు. తలుపుకు ఆపక్కొకడు, ఈపక్కొకడు. వాడు కుడికాలు మడిస్తే వీడు ఎడమకాలు మడవాల. ఒక్కడే ఉన్నాడంటే రెండోవాణ్ణి ఎవుడో ఎత్తకపోయినాడని అర్థం.”

ద్వారపాలకుడు అన్న మాట వాడకుండా కాపలావాడు అని ఉంటే సరిపోయేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. కాని శిల్పి ఇంట్లో కూర్చుని రాతిమనిషి గురించి చెబుతూ ఏ మాట వాడినా అంతేనేమో. లోపలికి పొమ్మన్నాను. కత్తి తీస్తే రాతివాడికి ప్రాణం వస్తుంది, పోరాటం ఉంటుంది, గవ్వలు వెయ్యండి అన్నాను. భాయి కత్తి తియ్యలేదు. ఎదుటివాడి ఊరూ పేరూ కనుక్కోకుండా కొట్లాటకు దిగడం పద్ధతి కాదన్నాడు.

“ఏమప్పా రాతన్నా, మీదే ఊరు? నీ జతగాడు యాడికి పోయినాడు?” అని గోడవైపు చూసి అడిగాడు.

రాతివాడి తరఫున మాట్లాడవలసింది నేను. పుస్తకంలో వాడికి గుద్దడం తప్ప మాటలు లేవు. నాకు తెలియదు అన్నాను. రాతివాడుగానే అన్నాను.

“అయ్యో పాపం,” అంది అక్క. “ఎన్నేండ్లయిందో ఏమో ఒక్కడే నిలబడి.”

అంతే, ఆట అక్కడ నా చెయ్యి దాటిపోయింది. ముగ్గురూ కోట వదిలేసి జతగాడి కోసం వెతకడం మొదలుపెట్టారు. నేను తలుపు గురించి చెబుతాను, వాళ్ళు పునాదిరాయి మీద గుర్తులేమైనా ఉన్నాయా అంటారు. నేను లోపల ఏముందో చూడరా అంటాను, వాళ్ళు బండి చక్రాల జాడ ఎటుపోయింది అంటారు. నా గొంతు కొంచెం పెరిగి ఉండవచ్చు. అప్పుడు బావ అన్న మాట ఇది, అక్షరం పొల్లుపోకుండా చెబుతున్నాను.

“లోపలికి పోండి, లోపలికి పోండి అని ఆర్టీసీ కండక్టరు మాదిరి అరుస్తాండావేమప్పా? నీకు కథ నడిపేది రాదు బామ్మర్దీ. లే, ఈపక్క కూర్చో.”

మొదట నవ్వింది భాయి. తర్వాత అక్క. నవ్వు ఆపుకోవాలని కొంగు అడ్డం పెట్టుకుంది గాని భుజాలు కదిలాయి. నేను లేచాను. నా చోట బావ కూర్చుని, రాతి కిందుగా నేలమీద ఈడ్చిన జాడ ఒకటి ఉంది, అది వాగువైపు పోతోంది అని చెప్పాడు. నా అడవిలో, నా కోట ముందు, నేను పెట్టని జాడ. ముగ్గురూ దాని వెంబడి పోయారు. సాయంత్రం బస్సుకు వచ్చేటప్పుడు అక్క అలసంద వడలు కట్టించి ఇచ్చింది. నేను తినలేదు, దుకాణంలో హమాలీలకు ఇచ్చేశాను.

ఆ వారమంతా కాగితాలు ముందేసుకుని తలుపు వెనక సంగతిని ఇంకా ఇంకా మెరుగుపెట్టాను. పుస్తకంలో లేని జతగాణ్ణి నేనెందుకు ఒప్పుకోవాలి? లోపలికి పోయి చూశాక, అయ్యో ముందే రావలసింది అని వాళ్ళే అనుకునేట్టు చేద్దామనుకున్నాను. మరుసటి ఆదివారం శిరివెళ్ళ దగ్గర బస్సు టైరు పోయింది. నేను ఆళ్ళగడ్డ చేరేసరికి షెడ్డులో ఉలి చప్పుడు లేదు. వసారాలో నవ్వులు వినిపించాయి. నేను రాకముందే మొదలుపెట్టేశారు. బావ నా చోట కూర్చున్నాడు. షెడ్డులో పనిచేసేవాళ్ళు కూడా ఉలులు పక్కన పెట్టి చుట్టూ చేరారు. కథ ఎంతదాకా వచ్చిందంటే, జతగాణ్ణి ఎవరో దొంగలు బండిలో వేసుకుని పోతూ బరువు మొయ్యలేక వాగు ఇసుకలో వదిలేశారు, మనవాళ్ళు ఇసుక తవ్వి ముఖం దాకా బయటికి తీశారు.

“రారా రా, నీ కోసమే ఆపినాం,” అంది అక్క. “రెండోవాడివి నువ్వే.”

అందరూ మళ్ళీ నవ్వారు. మాస్టరునైన నన్ను, నా ఆటలోనే, మెడదాకా ఇసుకలో పూడిన రాయిని చేశారు. మీరే చెప్పండి. సరే, రాయినన్నారు కదా, రాయిగానే ఉంటానని గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఎవరు పలకరించినా పలకలేదు. భాయి వచ్చి ‘నీ జతగాడు నీకోసం చూస్తాండాడు, పోదామా అప్పా?’ అని ఎంతో మర్యాదగా అడిగాడు. నేను కళ్ళు కూడా ఆర్పలేదు. షెడ్డు పనివాళ్ళలో ఒకడు, భలే చేస్తాండాడే అన్నాడు. నేను చేస్తున్నది వేషం కాదని వాడికి తెలియదు.

కథలో నన్ను బండిలో వేశారు. అడవిదారిన తీసుకుపోయారు. ఎడ్లు దిగబడితే అక్క గవ్వలు వేసింది, ఎడ్లు లేచాయి. కోట ముందు పీఠం కడిగి, నన్ను నిలబెట్టారు. విగ్రహాన్ని నిలబెట్టడం గురించి మా బావ చెబుతుంటే, నా కోపం నాకున్నా, ఆ మాట ఒప్పుకోవాలి, వసారాలో ఊపిరి వినబడలేదు. తాళ్ళు ఎట్లా సడలించాలి, ఎవరెవరు ఎక్కడ చెయ్యి ఆనించాలి, రాయి పీఠంలో కూర్చునేటప్పుడు వచ్చే చప్పుడు ఎట్లా ఉంటుంది, అన్నీ చెప్పాడు. ఇద్దరూ చెరోపక్కా కాళ్ళు మడిచి నిలబడగానే తలుపు దానంతట అదే తెరుచుకుంది అన్నాడు. ఎవరూ కత్తి తియ్యలేదు.

అప్పుడు బావ చాపమీంచి లేచి, నా వైపు తిరిగి, ఇంక లోపలేముందో నువ్వే చెప్పాల, అది నీది అన్నాడు.

అందరూ నా ముఖంలోకి చూశారు. నా జేబులో కాగితాలున్నాయి. నేను ఏ రోజుకోసం ఎదురుచూశానో ఆ రోజే అది, నలుగురూ కాదు, పదిమందీ వినడానికి సిద్ధంగా ఉన్నారు. నేను మాట్లాడలేదు. రాయి మాట్లాడదు. చెప్పులు వేసుకుని బస్టాండుకు వచ్చేశాను. ఆ రాత్రే కాగితాలు నీళ్ళపొయ్యిలో పెట్టాను.

బావ ఆ రోజు నిన్ను గౌరవించినాడు గదరా అని అక్క ఇన్నేళ్ళుగా అంటూనే ఉంది. వారం రోజులు నెత్తిన కొట్టి చివర్లో తలగుడ్డ చుడితే అది గౌరవం ఎట్లా అవుతుందో నాకు అర్థం కాదు. తర్వాత వాళ్ళు మళ్ళీ ఆడలేదని విన్నాను. తలుపు దాకా వచ్చి ఆగిపోయింది కథ. షెడ్డు పనివాళ్ళు అడిగితే, లోపలిది మా బామ్మర్ది కాడ ఉంది, నాకు తెలీదు అనేవాడట బావ. ఇష్టం వచ్చినట్టు ఏదో ఒకటి చెప్పి ముగించి ఉండవచ్చు, ఆయనకు నోటికి కొదవా? చెప్పలేదు. అది కూడా నామీద వేసిన నింద మాదిరే ఉండేది నాకు.

ఆ తర్వాత మా మధ్య మాటలు లేవని కాదు. పెళ్ళిళ్ళలో బాగున్నావా అంటే బాగున్నాననేవాళ్ళం. మిగిలినవన్నీ అక్క మీదుగా నడిచేవి. నా పెళ్ళికి ఆయనే దగ్గరుండి పందిరి వేయించాడు. నా కూతురి పెళ్ళికార్డులో ఆయన పేరు పెద్దల వరుసలో మొదట వేయించాను. ఆయన కొడుకు పెళ్ళికార్డులో నా పేరు మూడో వరుసలో ఉంది, అది వేరే సంగతి.

ఇక కాఫీ హోటలు. ఆదివారం సాయంత్రం పోయాను. బల్లమీద రంగురంగుల పాచికలు, గాజుగోళీల మాదిరి మెరుస్తూ, ఇరవై ముఖాలవి కూడా గుప్పెడు ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుంటే వదలబుద్ధి కాలేదు. కథ నడిపే అమ్మాయి ఇక్కడే కాలేజీలో చదువుతుందట. మొట్టమొదటిసారి అన్న మాట గురించి నా అభ్యంతరం చెప్పాను. ‘అవునా అంకుల్, సూపర్ అంకుల్’ అని కుర్చీ వేసి, నాతో ఫోటో దిగింది. మాట మాత్రం సవరించలేదు. సరే, ఎట్లా ఆడతారో చూద్దామని కూర్చున్నాను.

బాగా చెబుతుంది ఆ అమ్మాయి. మధ్యమధ్యలో ఫోనులో సంగీతం కూడా పెట్టింది. మంచుకొండలు ఎక్కారు, వంతెన దాటారు, చివరికి ఒక తలుపు దగ్గరికి వచ్చారు. తలుపు ముందు ఒక కాపలావాడు ఉన్నాడు అంది. ఆమె మాట పూర్తికాకముందే ఒక కుర్రవాడు పాచిక విసిరాడు. ఇరవై పడింది. చప్పట్లు కొట్టారు. కాపలావాడు చచ్చిపోయాడు. తలుపు తోసుకుని లోపలికి పోయారు. ముప్పై ఏళ్ళ కిందట నేను బతిమాలి, అరిచి, కండక్టరుననిపించుకుని కూడా చేయించలేకపోయిన పనిని వీళ్ళు కాఫీ చల్లారేలోగా చేసేశారు. పుస్తకం ప్రకారం, నియమం ప్రకారం, నేను కోరుకున్నట్టే.

“ఒక్కడేనా?” అన్నాను.

నేనే అన్నాను. అందరూ తిరిగి చూశారు.

“రెండోవాడు యాడమ్మా?”

“ఒక్కడే అంకుల్,” అంది ఆ అమ్మాయి, పాపం ఓర్పుగానే. “బుక్కులో ఒక్కడే ఉన్నాడు.”

పాచిక బల్లమీద పెట్టి బయటికి వచ్చాను. రోడ్డు దాటి, ఒక మూసిన అంగడి మెట్లమీద కూర్చుని అక్క ఇంటికి ఫోను చేశాను. బావ ఎత్తాడు.

“మీ అక్క గుడికి పోయింది, మళ్ళ చెయ్యప్పా,” అన్నాడు, ఎప్పుడూ అనేదే.

“అక్కకు కాదు బావా, నీకే చేసినా.”

అటుపక్క ఒకటే రొద. ఇప్పుడు ఆ షెడ్డు కొడుకు చూసుకుంటున్నాడు, ఉలి చప్పుడు పోయి మిషను రొద వచ్చింది, బావ చెయ్యి వణుకుతుందని అక్క చెబుతుండేది. ఆ రొదలో నా మాట వినబడలేదేమో అనుకున్నాను.

“నంద్యాల్లో పిల్లోళ్ళు ఆ ఆట ఆడుతాండారు బావా. తలుపు కాడ ఒక్కణ్ణే పెట్టినారు.”

“ఒక్కణ్ణేనా?”

“ఒక్కణ్ణే.”

“రెండోవాడు యాడ అని ఎవురూ అడగలేదా?”

“నేనడిగినా.”

బావ నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు తగ్గేదాకా ఆగాను. తర్వాత అడిగాడు.

“ఇంతకూ ఆ తలుపు ఎనక ఏముండెనప్పా? మీ అక్కా నేనూ ఇప్పటికీ అనుకుంటాంటాం.”

ఫోన్లో చెప్పేది కాదు, ఆదివారం వస్తా అన్నాను. రా, గవ్వలు యాడున్నాయో ఎతకమని మీ అక్కకు చెప్తా అన్నాడు.

ఈరోజు గురువారం. ఆ పిల్లల మీద నాకు కోపమేమీ లేదు. వాళ్ళకు పాచికలున్నాయి, సంగీతముంది, మాస్టరు మాట వినే బుద్ధి ఉంది. అయితే మన కాలంలో ఒక రాతిమనిషి ఒంటరిగా నిలబడి ఉన్నాడంటే, నిధిని పక్కనపెట్టి, వాడి తోడు ఏమైందని వాకబు చేసేవాళ్ళుండేవాళ్ళు. అంతమాత్రాన వాళ్ళు చేసింది ఆట ప్రకారం సరైనదని నేను అనడం లేదు. ఆట చెడగొట్టారు. ఆ మాట ఆదివారం కూడా చెబుతాను.

నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది ఇంకొకటి ఉంది. ఆరోజు భాయి ఒళ్ళో ఉన్న చొక్కా రంగు నాకు గుర్తుంది. ఎవరు ముందు నవ్వారో, ఎవరు తర్వాత నవ్వారో గుర్తుంది. కండక్టరు మాట, ఆ మాట అనేటప్పుడు ఊగిన బావ చెయ్యి గుర్తున్నాయి. తలుపు వెనక నేనేం పెట్టానో మాత్రం గుర్తు రావడం లేదు. నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను. చాలా బాగా కుదిరిందని, తట్టినప్పుడు నవ్వుకున్నానని తెలుసు. అంతకుమించి ఏమీ లేదు, అంతా చీకటి.

బస్సులో గంటకు పైగా ప్రయాణం. శిరివెళ్ళ దాటేలోగా తట్టకపోదు. తట్టకపోతే, ఇద్దరం కలిసి ఆ తలుపు దాకా పోయి, లోపల ఏముంటే బాగుంటుందని మా బావనే అడుగుతాను. అయితే ముందు ఆయన ఆ కండక్టరు మాట వెనక్కి తీసుకోవాలి.